అమ్మానాన్నలతో ఆర్వీ ట్రిప్పు: ముందు చోటు, తర్వాత బండి

మీరు అడిగినదాన్ని ముందు కుదించి రాస్తాను, మిగతావాళ్ళకు కూడా అర్థమవుతుంది. డాలస్ నుంచి వేగస్‌కు విమానంలో వచ్చి, అక్కడ ఆర్వీ (పడకలు, వంటగది, బాత్రూం ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని, ఐదు రోజుల్లో యూటాలోని జాయన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలోని పేజ్ ఊరు, గ్రాండ్ క్యానియన్ చూసి మళ్ళీ వేగస్‌లో బండి అప్పగించాలి. మే చివరి వారం. గుంటూరు నుంచి వచ్చే అమ్మానాన్న, నాలుగేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, మీరిద్దరూ, మొత్తం ఆరుగురు. నాన్నగారికి మోకాళ్ళు నొప్పి, అమ్మగారు బయట తిండి ముట్టరు, మీరు మినీవ్యాన్ కన్నా పెద్దది ఎప్పుడూ నడపలేదు. హోటళ్ళకన్నా చవకవుతుందా, నేను నడపగలనా అని ప్రశ్న.

సూటిగా చెప్తాను. డబ్బు మిగులుతుందని అయితే తీసుకోకండి. ఐదు రోజుల్లో నాలుగు చోట్లూ తిరగాల్సిందే అంటే అసలే తీసుకోకండి. అమ్మగారి వంట, నాన్నగారికి ఎక్కడంటే అక్కడ బాత్రూం, పిల్లలకు రాత్రిపూట చెట్ల కింద మంట దగ్గర కూర్చునే సరదా, వీటి కోసం అయితే తప్పకుండా తీసుకోండి, కానీ మీ ప్లాన్‌లో ఒక చోటు తగ్గించి, రోజులు పెంచండి.

మేం ఫీనిక్స్ దగ్గర ఉంటాం. సొంత ఆర్వీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఎనిమిదేళ్ళలో ఆరుసార్లు అద్దెకు తీసుకున్నాం, రెండుసార్లు అత్తయ్య మామయ్యలతో, ఒకసారి మా అమ్మతో. నడిపేది నేనే. మా ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ ఉంటాడు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. వెబ్‌సైటులో రోజుకు 200 డాలర్లు అని కనిపించగానే రెండు హోటల్ గదులకన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ పెద్ద కంపెనీల్లో చాలావరకు మైలుకు ఇంత అని విడిగా తీసుకుంటారు. మైలుకు 40 సెంట్లు అనుకోండి, మీ రౌండు 850 మైళ్ళు అనుకోండి, 340 డాలర్లు. ఈ బండ్లు గాలనుకు 8 నుంచి 10 మైళ్ళు ఇస్తాయి, ఎనిమిదే లెక్కేసుకుంటే 106 గాలన్లు, గాలన్ 4 డాలర్ల చొప్పున 425. క్యాంప్‌గ్రౌండ్‌లో చోటుకు రాత్రికి 70 చొప్పున ఆరు రాత్రులకు (కింద నేను చెప్పే ఏడు రోజుల ప్లాన్ లెక్కన) 420. దుప్పట్లు, గిన్నెల కిట్టు ఆరుగురికి ఒక 200, ఇన్సూరెన్సు ఇంకో 150. బండి అద్దె 1200తో కలిపితే 2735, ట్యాక్సు కాకుండా. అదే మినీవ్యాన్ అద్దె 600, దాని పెట్రోలు 155, రెండు గదులు ఆరు రాత్రులకు 170 చొప్పున 2040, మొత్తం 2795. చూశారుగా, ఇటూ అటూ ఒకటే. హోటల్లో తిండి ఖర్చు పైన పడుతుంది నిజమే, కానీ ఆర్వీలో జనరేటర్ గంటకు ఇంత, తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకులు ఖాళీ చేయకపోతే ఇంత అని ఆ పక్కనా పడుతుంది. ఇవి నేను ఉజ్జాయింపుగా వేసిన అంకెలు, మీ తేదీలకు మీరు వేసుకోండి, కానీ మైలు చార్జీ మాత్రం మర్చిపోకండి. అవుట్‌డోర్సీ, ఆర్వీషేర్ లాంటి వెబ్‌సైట్లలో ప్రైవేటు వ్యక్తులు ఇచ్చే బండ్లకు రోజుకు ఇన్ని మైళ్ళు ఉచితం అని ఉంటుంది, దూరాలు ఎక్కువైతే అది కలిసిరావచ్చు.

ఇక అసలు విషయం. మనవాళ్ళు అందరూ చేసే పొరపాటు, మొదటిసారి నేనూ చేసిందే, ముందు బండి బుక్ చేసి తర్వాత ఆగే చోట్లు వెతుక్కోవడం. బండి ఎప్పుడైనా దొరుకుతుంది. జాయన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న చోటు దొరకదు. అది రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ సైటులో ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది, తెరిచిన పొద్దున్నే అయిపోతుంది. గ్రాండ్ క్యానియన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) మీద విలేజ్ దగ్గర రెండున్నాయి: మేదర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు) లేవు, దాని పక్కనే ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీళ్ళు, మురుగు పైపు మూడూ ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తే నా ఓటు కళ్ళు మూసుకుని ట్రైలర్ విలేజ్‌కే, ఎందుకో కింద చెప్తాను. పైగా మీరు మే చివరి వారం అంటున్నారు, అందులో మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ ఉంటుంది, అమెరికాలో సగం మంది ఆ మూడు రోజులే క్యాంపింగుకు బయల్దేరతారు. వీలైతే రెండు వారాల ముందే బయల్దేరండి, లేదా ఆ వీకెండ్ అయ్యాక మంగళవారం మొదలుపెట్టండి. నాలుగు రాత్రులకు చోటు ఖాయమైన తర్వాతే బండికి డబ్బు కట్టండి.

మీ ప్లాన్‌లో ఇంకో పెద్ద చిక్కు ఉంది, అది మ్యాపులో కనిపించదు. జాయన్ నుంచి బ్రైస్‌కు, పేజ్‌కు ఫోన్ చూపించే దారి జాయన్ మౌంట్ కార్మెల్ సొరంగం గుండా పోతుంది. 1930లో కట్టిన సొరంగం, మైలు పైన పొడవు, లోపల వంపులు. అప్పటి కార్లకోసం తవ్వింది, ఇప్పటి ఆర్వీలు రెండు ఎదురెదురుగా పట్టవు. వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు గానీ ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు గానీ దాటితే ఇన్నాళ్ళూ 15 డాలర్లు తీసుకుని, ఎదురుగా వచ్చే బండ్లు ఆపి, మధ్యలోంచి పంపేవాళ్ళు. మేం అలాగే వెళ్ళాం. ఇప్పుడు 2026 జూన్ నుంచి అలాంటి పెద్ద బండ్లను అటు రానివ్వకూడదని పార్కు నిర్ణయం తీసుకుంది. మీరు అద్దెకు తీసుకునే బండి ఎత్తు సుమారు 12 అడుగులు, వెడల్పు 8 అడుగుల పైన, అంటే ఏ రకంగా చూసినా దాటేస్తుంది. కాబట్టి ఆ దారి లేదనుకునే ప్లాన్ వేయండి. అప్పుడు జాయన్ నుంచి బ్రైస్ అంటే వెనక్కి ఐ-15 ఎక్కి, పైకి వెళ్ళి, 20వ నంబరు రోడ్డు పట్టుకుని తిరిగి కిందికి రావాలి, దూరం రెట్టింపుకు దగ్గరవుతుంది.

అందుకే నేనైతే బ్రైస్ తీసేస్తాను. బాధగానే ఉంటుంది, ఆ ఎర్ర స్తంభాలు పొద్దున్నే చూస్తే ఎంత బాగుంటాయో నాకు తెలుసు. కానీ అది కారులో వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు. మీ ఆరుగురికి నేను వేసే ప్లాన్ ఇది: ఐదు కాదు ఏడు రోజులు. మొదటి రోజు మధ్యాహ్నం బండి చేతికి వస్తుంది (పొద్దున్నే ఇవ్వరు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే), వాళ్ళు అన్నీ చూపించేసరికి ఇంకో గంట, సామాన్లు కొనేసరికి సాయంత్రం. ఆ రాత్రి జాయన్ వెళ్ళిపోదాం 160 మైళ్ళేగా అనుకోకండి, యూటాలోకి వెళ్ళగానే గడియారం ఒక గంట ముందుకు పోతుంది, చీకట్లో కొత్త బండిని వెనక్కి పార్క్ చేయడం మొదటి రోజే వద్దు. వేగస్‌లోనే ఏదో ఒక ఆర్వీ పార్కులో పడుకోండి. రెండు రాత్రులు జాయన్ దగ్గర. తర్వాత హరికేన్, ఫ్రెడోనియా, కనాబ్ మీదుగా పేజ్, అక్కడ వావీప్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక రాత్రి. తర్వాత క్యామెరాన్ మీదుగా, డెజర్ట్ వ్యూ వైపు నుంచి గ్రాండ్ క్యానియన్‌లోకి, ట్రైలర్ విలేజ్‌లో రెండు రాత్రులు. ఏడో రోజు పొద్దున్నే వేగస్‌కు అనుకుంటారేమో, అది 280 మైళ్ళు, బండి ఇవ్వాల్సింది సాధారణంగా 11 లోపు. కుదరదు. ఆరో రోజు రాత్రి కింగ్‌మన్ దాకా వచ్చి పడుకోండి, అంటే గ్రాండ్ క్యానియన్‌లో రెండో రాత్రి ఉండాలంటే మొత్తం ఎనిమిది రోజులు చేయాలి. సెలవు దొరక్కపోతే పేజ్‌లో రాత్రి వదిలేయకండి, గ్రాండ్ క్యానియన్‌లో ఒకటి తగ్గించుకోండి, ఒకే రోజు జాయన్ నుంచి సౌత్ రిమ్‌కు నడిపితే దిగేసరికి ఎవరూ ఎవరితో మాట్లాడే స్థితిలో ఉండరు.

ఫోన్ చూపించే టైముకు నాలుగో వంతు కలుపుకోండి. నాలుగు గంటలు అంటే ఐదు. మధ్యలో టీ తాగడానికి ఆగితే అది వేరే.

పేజ్‌లో ఇంకో గడియారం గొడవ ఉంది. అరిజోనాలో వేసవికి గంట మార్చరు, చుట్టూ ఉన్న నవాహో నేషన్‌లో మారుస్తారు, యూటాలో మారుస్తారు. ఫోను ఏ టవర్ దొరికితే ఆ టైము చూపిస్తుంది. పేజ్ పక్కనున్న యాంటిలోప్ క్యానియన్ టూర్ బుక్ చేస్తే అది అరిజోనా టైము, అంటే వేసవిలో వేగస్ టైమే. చేతికి మామూలు వాచీ పెట్టుకోండి.

బండి ఏది తీసుకోవాలి అంటే, మీ ఆరుగురికి క్లాస్ సి, 28 నుంచి 30 అడుగులది. డ్రైవర్ నెత్తి మీదికి పొడుచుకు వచ్చిన అటక ఉంటుంది చూడండి, అది. క్లాస్ బి అంటే వ్యాను, ఇద్దరికి బాగుంటుంది. క్లాస్ ఎ అంటే బస్సు, మొదటిసారి వద్దు. ప్రకటనలో ఏడుగురు పడుకోవచ్చు అని రాస్తారు, ఎక్కడ పడుకుంటారో కూడా చూడండి. వెనక మంచం మీ అమ్మానాన్నలకు. చాలా బండ్లలో అది గోడ మూలకు ఆనుకుని ఉంటుంది, లోపలివైపు పడుకున్నవాళ్ళు రాత్రి లేవాలంటే బయటివాళ్ళ మీదుగా పాకాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది నరకం. రెండు పక్కలా నడవడానికి చోటున్న మంచం ఉన్న బండే అడగండి, దాన్ని వాక్ అరౌండ్ బెడ్ అంటారు. పిల్లలు అటక మీద (పక్కన వల ఉందో లేదో చూసుకోండి), మీరిద్దరూ భోజనం బల్లను మడిచి చేసే మంచం మీద. అది నా అంత పొట్టిదానికే కాళ్ళు చాలవు. ప్రతి రాత్రీ పరుపు వేసి, ప్రతి పొద్దున్నా తీసి, మళ్ళీ బల్ల చేయాలి. ఇంకో మాట, ఎక్కే మెట్లు ఎత్తుగా ఉంటాయి. మేం ఇరవై డాలర్లు పెట్టి ఒక మడతపెట్టే స్టూలు కొన్నాం, మొత్తం ట్రిప్పులో పెట్టిన ఖర్చుల్లో అదే అన్నిటికన్నా సార్థకం.

నడపగలరా అంటే, నడపగలరు. ఈ సైజు బండికి మామూలు లైసెన్సు చాలు. ముందుకు నడపడం కష్టమే కాదు, రెండు గంటల్లో అలవాటవుతుంది. ప్రమాదం అంతా వెనక చక్రాల తర్వాత ఉన్న తోకతోనే. వెనక ఇరుసు దాటి ఎనిమిది పది అడుగులు బండి బయటికి ఉంటుంది, మీరు స్టీరింగు ఎడమకు తిప్పితే ఆ తోక కుడికి ఊగుతుంది. మొదటి ట్రిప్పులో పెట్రోలు బంకులో నింపుకుని, వెంటనే పదునుగా తిప్పాను, వెనక మూల వెళ్ళి పంపు పక్కనున్న పసుపురంగు ఇనప స్తంభానికి తగిలింది. చప్పుడు చిన్నదే, బిల్లు 900 డాలర్లు. తప్పు వందశాతం నాదే. బంకులో చివరి వరుసలోకే వెళ్ళండి, బయటికి వచ్చేటప్పుడు బండి మొత్తం పంపు దాటేదాకా తిన్నగా పోయి అప్పుడు తిప్పండి. ఎత్తు ఎంతో ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి, హోటళ్ళ ముందు పోర్టికోలూ డ్రైవ్ త్రూలూ మర్చిపోండి. వెనక్కి తీసేటప్పుడు ఒకళ్ళు తప్పనిసరిగా దిగాలి, చేతులు ఊపడం కాకుండా ఫోన్‌లో మాట్లాడుతూ చెప్పాలి, అద్దంలో మనిషి కనిపించకపోతే ఆగిపోవాలి. బుక్ చేసేటప్పుడే పుల్ త్రూ సైటు అడిగితే ఈ గొడవే ఉండదు, ఇటునుంచి వెళ్ళి అటునుంచి వచ్చేయొచ్చు.

దిగుడు రోడ్ల మీద బ్రేకు తొక్కి పట్టుకోకండి, గేరు తగ్గించండి. ఫోర్డ్ ఛాసిస్ మీద ఉన్న బండ్లలో టో హాల్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కితే బండి తనంతట తనే గేరు తగ్గించుకుని వేగం పెరగకుండా దిగుతుంది. పేజ్ చుట్టుపక్కల పక్కగాలి వీస్తే బండి కదిలిపోతుంది, భయపడి వేగం పెంచకండి, గంటకు 55 మైళ్ళకు తగ్గిస్తే సర్దుకుంటుంది. వెనక లైను కట్టిన కార్లవాళ్ళకు దారి ఇవ్వడానికి పక్కన చోటు దొరికినప్పుడు ఆగండి, మొహమాటం లేదు, తొందరా లేదు.

పిల్లల సీట్లు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బండి కదులుతున్నప్పుడు అందరూ బెల్టు ఉన్న సీట్లోనే కూర్చోవాలి, లోపల తిరగడం, మంచం మీద పడుకోవడం కుదరదు. మా మామయ్య రైలుబండిలా అనుకుని లేచి నీళ్ళు తెచ్చుకోబోయారు, వంపులో ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఆగారు, నా గుండె ఆగింది. భోజనం బల్ల దగ్గర చాలా బండ్లలో నడుం బెల్టు మాత్రమే ఉంటుంది. మీ నాలుగేళ్ళ పాప సీటుకు సొంత పట్టీలు ఉంటాయి కాబట్టి, సీటు మాన్యువల్ ఒప్పుకుంటే, ముందుకు చూసే బెంచీ మీద నడుం బెల్టుతో బిగించొచ్చు. ఎనిమిదేళ్ళ బాబు బూస్టర్ (ఎత్తు పెంచే పిల్లల సీటు) మీద కూర్చుంటే దానికి భుజం బెల్టు తప్పనిసరి, నడుం బెల్టుతో బూస్టర్ వాడకూడదు. వెనక్కి చూసే బెంచీ మీదా, పక్కకు చూసే సోఫా మీదా పిల్లల సీటు పెట్టకూడదు. బుక్ చేసే ముందే ఫోన్ చేసి, ముందుకు చూసే సీట్లు ఎన్ని, ఏ సీటుకు ఏ బెల్టు ఉంది అని అడిగి రాయించుకోండి. సరిగ్గా చెప్పలేకపోతే వేరే కంపెనీ చూడండి.

ఇప్పుడు ట్రైలర్ విలేజ్ ఎందుకన్నానో. ఆర్వీలో కరెంటు రెండు రకాలు. లైట్లు, నీళ్ళ పంపు, హీటర్ ఫ్యాను బండి బ్యాటరీతో నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు నడవాలంటే క్యాంప్‌గ్రౌండ్ కరెంటు గానీ జనరేటర్ గానీ కావాలి. జనరేటర్‌ను పార్కుల్లో రాత్రిపూట వేయనివ్వరు, జాయన్ వాచ్‌మన్‌లో అయితే పగలూ వేయనివ్వరు. మేం ఒకసారి మేలోనే బ్రైస్‌లో హుకప్ లేని చోట ఆగాం. పగలు ఎండ చూసి రాత్రి కూడా అలాగే ఉంటుందనుకున్నాం. అది 8000 అడుగుల ఎత్తు, మేలో కూడా రాత్రి గడ్డకట్టే చలి. హీటర్ ప్రొపేన్ గ్యాసుతో మండుతుంది నిజమే, కానీ వేడిని ఊదే ఫ్యాను బ్యాటరీది. తెల్లవారుజామున నాలుగింటికి బ్యాటరీ అయిపోయింది, ఫ్యాను ఆగింది. ఎనిమిది దాకా జనరేటర్ వేయకూడదు. అత్తయ్య తెచ్చుకున్న నాలుగు చీరలూ ఒకదాని మీద ఒకటి కప్పుకుని కూర్చున్నారు, ఇప్పటికీ ఎవరైనా ఆర్వీ అంటే ఆ కథే చెప్తారు. సౌత్ రిమ్ కూడా 7000 అడుగులే, అందుకని పెద్దవాళ్ళు ఉంటే కరెంటు ఉన్న చోటే.

కరెంటు ఉన్నా అన్నీ ఒకేసారి వేయకూడదు. ఈ బండ్లు ఎక్కువగా 30 యాంప్‌లవి, అంటే 3600 వాట్లు. ఏసీ ఒక 1500, మైక్రోవేవ్ ఒక 1500, ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) 1000, మూడూ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. మా ఇంట్లో రూలు, కుక్కర్ పెట్టినప్పుడు ఏసీ ఆపాలి.

వంట గురించి అమ్మగారికి ముందే చెప్పాల్సింది ఒక్కటే: లోపల పోపు పెట్టకూడదు. ఎండుమిరపకాయ వేగిన మరుక్షణం పొగ అలారం మోగుతుంది. మాకు సాయంత్రం ఆరున్నరకు మోగింది, పక్క సైటులోని ముసలి దంపతులు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, తర్వాత మా చారు తాగి వెళ్ళారు, అది వేరే సంగతి. అలారం బ్యాటరీ తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఆ బండిలో గ్యాసు ఉంది, ఇంజనుంది, అందరూ పడుకునేది అందులోనే. ఒక చిన్న బ్యూటేన్ స్టవ్, మడతపెట్టేది, వేగస్‌లో కొనుక్కుని (విమానంలో ఆ డబ్బాలు తేలేరు) బయట బల్ల మీద పోపులూ వేపుళ్ళూ చేసుకోండి. అన్నం, పప్పు లోపల కుక్కర్‌లో. ఎత్తు మీద నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, 8000 అడుగుల దగ్గర 92 డిగ్రీలకే, అందుకని విడిగిన్నెలో కందిపప్పు చాలాసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి, డాలస్ నుంచే తెచ్చుకోండి. మొదటి రోజుకు పులిహోర, తర్వాత కందిపొడి, ఆవకాయ, పెరుగు ఉంటే సగం పూటలు గడిచిపోతాయి. అమ్మగారు సెలవులో కూడా పొయ్యి దగ్గరే నిలబడకుండా చూసుకోండి. ఆర్వీ ఫ్రిజ్‌లు చాలావరకు చల్లబడటానికి అరరోజు తీసుకుంటాయి, ముందు రోజే ఆన్ చేసి ఉంచమని కంపెనీవాళ్ళకు చెప్పండి, లేకపోతే పాలు మొదటి రోజే విరుగుతాయి.

నీళ్ళు, బాత్రూం. ఎవరూ అడగరు, అందరికీ భయం ఇదే. మంచినీళ్ళ ట్యాంకు ఒకటి, సింకూ స్నానం నీళ్ళు పోయే గ్రే ట్యాంకు ఒకటి, టాయిలెట్ కిందున్న బ్లాక్ ట్యాంకు ఒకటి, ఒక్కోటి సుమారు 30, 40 గాలన్లు. వేడినీళ్ళ ట్యాంకు 6 గాలన్లు, అంటే మన లెక్కలో ఒక బకెట్టు. ఒకళ్ళు స్నానం చేస్తే తర్వాతవాళ్ళు కాసేపు ఆగాలి. ఆ స్నానాల గదిలోకి వెళ్ళొచ్చి మా మామయ్య, "స్నానం చేయాలంటే ముందు నన్ను మడతపెట్టాలమ్మా" అన్నారు. క్యాంప్‌గ్రౌండ్ షవర్లు వాడుకోండి, బండిలోది రాత్రిపూట టాయిలెట్‌కు, దారిలో అవసరానికి. మనవాళ్ళు కాగితం బదులు నీళ్ళు వాడటం ఇక్కడ నిజంగా మంచిదే, బ్లాక్ ట్యాంకులో నీళ్ళు ఎంత ఎక్కువుంటే అంత శుభ్రంగా ఖాళీ అవుతుంది. ఒక చెంబు పెట్టుకోండి. కాగితం వాడితే ఆర్వీ కాగితమే.

ఖాళీ చేయడం మా ఆయన పని, కాబట్టి ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. చేతికి గ్లవ్స్ వేసుకో, గొట్టం రెండు వైపులా బిగిందో లేదో చెయ్యి పెట్టి లాగి చూడు, ముందు బ్లాక్ వాల్వ్ తెరువు, చప్పుడు ఆగేదాకా ఆగు, మూసెయ్, తర్వాత గ్రే తెరువు, ఆ సబ్బునీళ్ళతో గొట్టం కడుక్కుంటుంది. పది నిమిషాల పని. మురుగు పైపు ఉన్న సైటులో కూడా బ్లాక్ వాల్వ్ మూసే ఉంచాలి, నిండాకే తెరవాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి మిగతాది అడుగున గట్టిపడుతుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో ఇక్కడ రాయను. నూనె మాత్రం సింకులో పోయకండి, డబ్బాలో పట్టి చెత్తలో వేయండి.

ఇన్సూరెన్సు గురించి రెండు ముక్కలు. మీ కారు పాలసీ అద్దె ఆర్వీకి వర్తిస్తుందని అనుకోకండి, క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కవరేజీలో కూడా మోటార్‌హోమ్‌లను సాధారణంగా తీసేస్తారు. ఫోన్ చేసి కనుక్కుని, లేదంటే కంపెనీది తీసుకోండి, అందులో డిడక్టిబుల్ (ముందు మీ జేబులోంచి కట్టాల్సింది) ఎంతో, పైకప్పూ ఆనింగూ కవర్ అవుతాయో లేదో చదవండి. ఆనింగ్ అంటే పక్కన చాచే పందిరి గుడ్డ. కొద్దిపాటి గాలికే చిరుగుతుంది, మీరు పక్కన లేనప్పుడు మడిచే ఉంచండి. బండి తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా, టైర్లు, పైకప్పు మూలలు, లోపల అలమార్లు అన్నీ మాట్లాడుతూ వీడియో తీయండి. ఒక కంపెనీవాళ్ళు ముందే ఉన్న గీతకు మా డిపాజిట్‌లోంచి కోయబోయారు, వీడియో పంపాకే వెనక్కి ఇచ్చారు.

నాన్నగారి గురించి చివర్లో. జాయన్‌లో మార్చి నుంచి నవంబరు దాకా లోపలి క్యానియన్ రోడ్డులోకి సొంత బండ్లను రానివ్వరు, అందరూ షటిల్ బస్సే ఎక్కాలి. గ్రాండ్ క్యానియన్‌లో కూడా ట్రైలర్ విలేజ్ దగ్గరే షటిల్ ఆగుతుంది. అంటే ఒకసారి ఆర్వీ నిలిపాక దాన్ని కదపక్కర్లేదు, ఆయన బస్సు దిగి రెయిలింగ్ దాకా నడిస్తే చాలు. కదిపితే మాత్రం హుకప్‌లు పీకి, గిన్నెలు సర్ది, అలమార్లకు గడియలు వేసి, అరగంట. దీనికి ఒప్పుకుంటేనే ఆర్వీ. రోజూ పొద్దున పది చోట్లకు తిరగాలి అనిపిస్తే మినీవ్యాన్ తీసుకుని, వంటగది ఉన్న ఇల్లు రెండు చోట్ల అద్దెకు తీసుకోండి, అమ్మగారి వంటా అవుతుంది, నాన్నగారికి మంచమూ ఉంటుంది. పార్కు ఎంట్రీ కూడా చూసుకోండి, 80 డాలర్ల వార్షిక పాస్ ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళది, 2026 నుంచి బయటి దేశాలవాళ్ళ పాస్ 250 చేశారు, జాయన్‌కూ గ్రాండ్ క్యానియన్‌కూ పాస్ లేని విదేశీ సందర్శకులకు తలకు అదనపు రుసుము కూడా పెట్టారు, అమ్మానాన్నలు విజిటర్లు కాబట్టి మీకెంత పడుతుందో పార్కు సైటులో చూసి లెక్కలో కలపండి.

ముందు వాచ్‌మన్, ట్రైలర్ విలేజ్ ఖాళీలు ఏ తేదీలకు కనిపిస్తున్నాయో చూసి ఇక్కడే రాయండి. రెండూ వరసగా కుదిరే తేదీలు దొరికితే మధ్యలో పేజ్ ఎలా ఇరికించాలో చెప్తాను. దొరక్కపోతే జాయన్ బయట వర్జిన్, హరికేన్ వైపు ప్రైవేటు పార్కులు ఉన్నాయి, కానీ అక్కడినుంచి రోజూ ఆర్వీనే తీసుకుని విజిటర్ సెంటర్‌కు రావాలి, పెద్ద బండ్ల పార్కింగు పొద్దున్నే నిండిపోతుంది, ఏడింటికల్లా అక్కడుండాలి. నాన్నగారు ఎలాగూ ఐదింటికే లేస్తారు కదా.